చించిల్లా కుందేలు

కుందేలు అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించునది చంద్రబింబము. చంద్రునిలోని మచ్చను కుందేలుగా భావించి మన పూర్వులు ఆయనకు శశాంకుడని పేరు పెట్టిరి. ఆ తరువాత జ్ఞప్తికి వచ్చునది తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టువాని సామెత. పల్లెలలో దీనినే చెవులపిల్లి అందురు. ఇన్ని విధముల మన నోట నలిగిన ఈ జంతువును గురించి మరల చెప్పవలసినదేమున్నదని శ్రోతలు అనుకొనవచ్చును. కాని చంద్రునిలో మన పెద్దలు చూచిన కుందేలు వేరు. మేము నేడు చెప్పబోవు కుందేలు వేరు. ఈ భేదము తెలియనిదే తరువాతి కథ బోధపడదు గనుక ముందుగా దానినే చెప్పుదుము.

మన మెట్టచేలలోను, చిట్టడవులలోను కనిపించునది అడవికుందేలు. అది బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బు ప్రక్కన, పొద నీడను చిన్న పల్లము చేసికొని పండుకొనును. దాని పిల్లలు పుట్టినప్పుడే ఒంటినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో ఉండును. కొద్ది కాలములోనే పరుగెత్తగలవు. పంజరములో పెట్టి పెంచుదమన్న బెదరి చచ్చునే గాని మచ్చిక కాదు. దానిని వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన నిషిద్ధము కూడను. ఇండ్లలో పెంచు కుందేలు పుట్టుకచేతనే బొరియలలో గుంపులుగా నివసించు జాతి. దాని పిల్లలు గ్రుడ్డివిగా, బొచ్చు లేనివిగా, ఎలుకపిల్లలవలె పుట్టి, తల్లి తన రొమ్ముబొచ్చు పెరికి పరచిన పొత్తిలిలో పది దినములు కన్ను తెరవక పడియుండును. అడవికుందేటికి క్రోమోసోములు 48, ఇంటికుందేటికి 44. చూపులకు అన్నదమ్ములవలె నున్నను ఈ రెండింటికి సంకరము కలుగదు. ప్రపంచమున పెంపకములో నున్న కుందేటి జాతులన్నియు ఈ రెండవదాని సంతతియే.

దీని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశములున్న ద్వీపకల్పము. దక్షిణ ఫ్రాన్సులో కూడ పూర్వమునుండి ఉన్నది. రోమను గ్రంథకర్తలు దీనిని ఎరుగుదురు. పశ్చిమ మధ్యధరా సముద్రములోని బలియారిక్ ద్వీపములలో కుందేళ్లు మితిమీరి పంటలను పాడుచేయుచుండగా, అచ్చటి ప్రజలు అగస్టస్ చక్రవర్తిని సైనికసహాయ మర్థించిరని ప్లినీ వ్రాసినాడు. ఏనుగుల మీదికి, శత్రువుల మీదికి నడచిన రోమను సేనకు కుందేళ్లపై దండయాత్ర ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే. రోమను శ్రీమంతులు గోడలు కట్టిన తోటలలో కుందేళ్లను విడిచి, కావలసినప్పుడు పట్టుకొనుచుండిరి. ఇది పెంపకమనుటకంటె నిలువ యనుట సమంజసము.

మరి ఇల్లుచేరిన కుందేలు ఎప్పుడు పుట్టినది? చిరకాలముగా గ్రంథములలో ఒక కథ చెల్లుబడి యగుచుండెను. క్రీ. శ. 600 ప్రాంతమున పోప్ గ్రెగొరీ, కడుపులోని కుందేటిపిల్లలు మాంసము క్రిందికి రావని ఆజ్ఞ యిచ్చెననియు, ఉపవాసదినములలో వానిని తినుటకై ఫ్రాన్సులోని సన్యాసులు మఠములలో కుందేళ్లను పెంచ మొదలిడిరనియు ఆ కథ. అనేకులు ఒకరినిచూచి మరియొకరు దీనిని వ్రాయుచు వచ్చిరి. 2018లో కొందరు పరిశోధకులు మూలమును వెదకగా అట్టి ఆజ్ఞయే లేదని తేలినది. తూర్స్ నగరపు గ్రెగొరీ అను మరియొక మతాచార్యుడు, రొకొలెనుస్ అనువాడు ఉపవాసకాలమున కుందేటిపిల్లలను తినెనని వ్రాసిన ముక్కను, ఎవరో ఈ పోపునకు అంటగట్టిరి. పేర్లు ఒకటి యగుటచే వచ్చిన చిక్కు. మన సాహిత్యచరిత్రలో ఒకే పేరు గల కవులను గురించి జరిగిన వాదములు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఆ పరిశోధకులు చెప్పినదేమనగా, కుందేలు ఒక దినమున ఒకరి చేత మచ్చిక చేయబడినది కాదు. వేట, నిలువ, దొడ్డి, పంజరము అను మెట్లమీదుగా శతాబ్దములు నడచి ఇల్లు చేరినది. రంగు, పరిమాణము, బొచ్చు చూచి వేరువేరు జాతులుగా ఎన్నుట మాత్రము మిక్కిలి ఇటీవలి సంగతి. అందు అధికభాగము గడచిన రెండు శతాబ్దముల పనియే.

అట్టి ఇటీవలి జాతులలో ఒకటి చించిల్లా కుందేలు. ఈ పేరు దానిది కాదు, ఎరువు తెచ్చుకొన్నది. అసలు చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో, ముఖ్యముగా చిలీ దేశపు రాతికొండలలో నివసించు చిన్న జంతువు. ఉడుతకంటె పెద్దది, కుందేటికంటె చిన్నది. మనకు ఒక రంధ్రమునుండి ఒక వెండ్రుక మొలచును. దానికి ఒకే రంధ్రమునుండి అనేకములైన వెండ్రుకలు గుత్తిగా మొలచును. అందుచేత దాని బొచ్చు నేలమీది జంతువుల కన్నింటికంటె దట్టమైనది, మెత్తనిది. ఆ మెత్తదనమే దానికి మృత్యువైనది. పందొమ్మిదవ శతాబ్దము తుదిలో ఐరోపా, అమెరికా శ్రీమంతురాండ్ర అంగీలకొరకు చిలీ రేవులనుండి లక్షలకొలది చర్మములు ఓడలకెక్కినవి. ఒక్క పొడుగు అంగీకి నూరుకు పైగా చర్మములు కావలెను. కొండలు ఖాళీ అయినవి. 1910లో చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ ప్రభుత్వములు కలిసి ఈ వేటను నిషేధించుచు ఒడంబడిక చేసికొనెను. అప్పటికి అంగడిలో ఆ చర్మమునకు బంగారపు వెల వచ్చియుండెను. నిషేధము వలన వేట వెంటనే ఆగలేదు. చర్మము వెల మాత్రము ఇంకను పెరిగినది.

దొరకని సరకునకు నకలు పుట్టుట వర్తకధర్మము. కుందేటిచర్మమునకు రంగులద్ది, కత్తిరించి, ఇతర జంతువుల చర్మములుగా చలామణి చేయుటలో ఫ్రాన్సు పనివారు అప్పటికే ఆరితేరియుండిరి. అద్దకముతో పనిలేకుండ పుట్టుకతోనే చించిల్లా రంగు గల కుందేలు దొరకిన ఎట్లుండును? ఆ ఆశకు జవాబుగా 1913 ఏప్రిలు నెలలో, పారిస్ నగరము చెంతనున్న సెన్‌మోర్ ప్రదర్శనములో ఒక కొత్త కుందేలు కనబడినది. దానిని తెచ్చినవాడు దిబోవ్‌స్కీ అను ఇంజనీరు. పెంపకపు లోకములో ఆయనకు 'మంచివాడు' అను అర్థము గల 'లె బొనోమ్' అను మారుపేరు కలదు. అడవిలో బొరియలలో నివసించు రెండవ జాతి కుందేటితో నీలిరంగు బెవెరెన్ జాతిని, తెల్లని ఒడలు నల్లని చెవులు గల హిమాలయన్ జాతిని కలిపి దీనిని సాధించినట్లు చెప్పుదురు. హిమాలయన్ అను పేరు చూచి అది మన హిమాలయములలో పుట్టినదని శ్రోతలు సంతోషింపవలదు. ఆ పేరునకు ఆ కొండలతో గల సంబంధము, చించిల్లా కుందేటికి ఆండీస్ కొండలతో గల సంబంధము వంటిదే.

ఈ కుందేటి బొచ్చును కొంచెము వర్ణింపవలెను, ఏలన దాని చరిత్ర అంతయు ఆ బొచ్చులోనే ఉన్నది. దూరమునుండి చూచిన బూడిదరంగు. దగ్గరనుండి చూచిన ఒక్కొక్క వెండ్రుక మొదట పలకరాతి నీలి, నడుమ ముత్యపు తెలుపు, దానిపై సన్నని నలుపు, మరల తెలుపు, అక్కడక్కడ కొన నల్లని పొడుగు వెండ్రుకలు. ప్రదర్శనములో న్యాయనిర్ణేత కుందేటి వీపుపై మెల్లగా ఊదును. బొచ్చు విడిపోయి, చెరువులో రాయి వేసినప్పటి అలలవలె రంగుల వలయములు ఏర్పడును. వలయముల అంచులు స్పష్టముగా ఉండిన మంచి కుందేలు, కలిసిపోయిన తక్కువది.

శాస్త్రజ్ఞులు దీనిని మరియొక దృష్టితో చూచిరి. అడవికుందేటి వెండ్రుకలో నలుపు, పసుపు రంగులు వరుసగా ఉండును. అందుచేతనే అది ఎండుగడ్డిలో కలిసిపోవు గోధుమవన్నెతో ఉండును. అందునుండి పసుపును మాత్రము తీసివేసిన మిగులునది చించిల్లా వన్నె. ఈ పని చేయునది ఒక్క జన్యువు. పూర్తి తెలుపు కుందేటిని తెల్లగాను, హిమాలయన్ కుందేటిని చెవులు కాళ్లు మాత్రము నల్లగాను చేయు జన్యువునకే ఇది మరియొక రూపము. తల్లి తండ్రి ఇరువురి నుండియు ఈ జన్యువు వచ్చినగాని పిల్లలో చించిల్లా వన్నె సాధారణముగా కనబడదు. కావున దిబోవ్‌స్కీ ఏ జాతులను కలిపినను, ఆ కలుపుటవలన మాత్రమే ఈ వన్నె పుట్టినదని చెప్పుట కష్టము. ఎక్కడనో ఒక కుందేటిలో ఆ మార్పు దానంతట అది వచ్చియుండవలెను. దానిని గుర్తించి, విడువక, తరతరములుగా నిలిపినవాడు దిబోవ్‌స్కీ. మా దృష్టిలో ఇది ఆయన కీర్తిని తగ్గించునది కాదు. మన రైతులు చేనిలో విడిగా కనబడిన ఒక మేలి వెన్నును ఏరి విత్తనమునకు దాచుటయు ఇట్టి పనియే.

మరుసటి ఏడే ఐరోపాలో మహాయుద్ధము వచ్చినది. సామాన్యముగా యుద్ధములో పెంపుడు జాతులు నశించును. కుందేటికి మాత్రము యుద్ధము అచ్చివచ్చినది. ఆవుకు మేత కావలెను, పందికి గింజలు కావలెను, కోడికి ధాన్యము కావలెను. ఇవన్నియు మనుష్యులకే చాలనప్పుడు వంటయింటి తుక్కుతో, బాటప్రక్క గడ్డితో మాంసమిచ్చు జంతువు కుందేలు ఒక్కటే. 1917లో చించిల్లా ఇంగ్లండు చేరినది. అచ్చటి పెంపకందార్లకు దానిమీద మోహము పుట్టినది. 1919లో న్యూయార్కు రాష్ట్రపు సంతలో ఒక ఆంగ్ల పెంపకందారు ప్రదర్శించుటతో అమెరికాకు పరిచయమైనది. ఆ సంత ముగియునప్పటికే ఆ కుందేళ్లలో అధికభాగమును ఎడ్వర్డ్ స్టాల్, జాక్ హారిస్ అను ఇరువురు కొనివేసిరి.

ఈ స్టాల్ అనువాడు మిస్సోరి రాష్ట్రమువాడు. కుందేళ్ల వ్యాపారములో పది లక్షల డాలర్లు గడించిన మొదటివాడని ప్రతీతి. అతడు అమ్మినది మాంసము కాదు, చర్మమును కాదు, జతలు. కుందేళ్లను పెంచి ధనవంతులు కావలెనను ఆశ గలవారికి జతకు జత అమ్మెను. చిన్న పెరడు, కొన్ని చెక్కపెట్టెలు, ఒక జత కుందేళ్లు ఉండిన చాలును, ఏడాది తిరుగునప్పటికి సంపద యను మాట ఆనాటి పత్రికలలో తరచు కనబడునది. ఫ్రెంచివారి చిన్న కుందేలు అమెరికా గృహస్థులకు చాలలేదు. చర్మము పెద్దదిగా, మాంసము ఎక్కువగా ఉండవలెనని బరువైన వానిని ఏరి పెంచిరి. 1924లో రెండు రకములకు వేరువేరుగా ప్రమాణములు ఏర్పడినవి. చిన్నది 'స్టాండర్డ్', పెద్దది 'హెవీవెయిట్'. ఈ రెండవదానికే తరువాత 'అమెరికన్ చించిల్లా' అను పేరు స్థిరపడినది. మగది 9 మొదలు 11 పౌనులు, ఆడది 10 మొదలు 12 పౌనులు, అనగా నాలుగు మొదలు అయిదున్నర కిలోల వరకు తూగును. స్టాల్ దీనిని ఫ్లెమిష్ జెయింట్ అను భారీ జాతితో కలిపి ఇంకను పెద్దదియగు 'జెయింట్ చించిల్లా'ను కూడ తీసినాడు.

ఆ ఉద్రేకము ఎంతటిదో ఒక అంకె వలన తెలియును. 1928 నవంబరు మొదలు 1929 నవంబరు వరకు ఒక్క ఏడాదిలో అమెరికా కుందేళ్ల పెంపకందార్ల సంఘమువారి పుస్తకములలో నమోదైన చించిల్లా కుందేళ్లు 17,328. ఇది మూడు కాళ్ల లెక్క కాదు. ఒక్కొక్కటిగా పరీక్షించి, చెవిలో గుర్తు వేసి, వంశము వ్రాసికొన్న లెక్క.

ఇందులోని లోపము మనకు నేడు స్పష్టముగా కనబడును. జత కొన్నవాడు పిల్లలను మరియొకరికి జతలుగా అమ్మును, అతడు ఇంకొకరికి. కొనువాడు దొరకునంతకాలము వెల నిలుచును. కట్టకడపట కొన్నవానికి మాత్రము మిగులునది పెట్టెలనిండ కుందేళ్లు, వాని మేత ఖర్చు. అంతకు ముందే, శతాబ్దారంభములో, బెల్జియన్ హేర్ అను మరియొక జాతి విషయములో అమెరికావారు ఇట్టి జ్వరమునకే గురియై చేతులు కాల్చుకొని యుండిరి. ఇరువది యేండ్లలో ఒక తరము ఆ కాలిన మచ్చను మరచిపోయినది. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల అంగడి కూలి, దేశమంతట దారిద్ర్యము వ్యాపించుటతో శ్రీమంతుల అంగీలమీద కట్టిన ఆశలు సన్నగిలినవి.

అయినను కుందేలు నశింపలేదు. మా అభిప్రాయములో చించిల్లా చరిత్రలో నిజముగా ఎన్నదగిన అధ్యాయము ఇక్కడ ఆరంభమగును. జతల వ్యాపారము పోయినను పెరడు ఉన్నది, ఆకలి ఉన్నది. ధనాశతో కొన్న జంతువే కూటికి అక్కరకు వచ్చినది. మాంసాహారము మన శ్రోతలలో అందరికి సమ్మతము కాదని మే మెరుగుదుము. కాని ఒక పేద ఇల్లు గడచిన విధమును తెలిసికొనుటకు ఆ యింటి లెక్కను చూడక తప్పదు. ఆడ కుందేటి గర్భకాలము 31 దినములు. ఈతకు ఆరు మొదలు ఎనిమిది పిల్లలు సాధారణము. ఏడాదికి నాలుగు ఈతలు వేయించినను ఇరువదినాలుగింటికి తక్కువ కాకుండ పిల్లలు. అమెరికన్ చించిల్లా తల్లి పిల్లలను చక్కగా సాకును. పిల్లలు త్వరగా కండపట్టును. స్వభావము సాధువు గనుక ఇంటి ఆడువారు, బాలురు కూడ భయము లేక సవరింపగలరు. మేత పచ్చగడ్డి, ఎండుగడ్డి, కూరగాయల తొక్కలు. ఎరువు కుళ్లబెట్టవలసిన పనిలేక నేరుగా కాయగూరల మళ్లకు వేయవచ్చును. ఆ మళ్లలోని ఆకులే మరల కుందేటికి. చర్మము ఎండబెట్టి అమ్మిన ఉప్పుకో నూనెకో వచ్చును. అమ్ముడుపోనిచో పిల్లల చేతితొడుగులు, టోపీలు కుట్టుకొందురు.

అమెరికా ప్రభుత్వము కూడ ఈ జంతువును తేలికగా చూడలేదు. కాలిఫోర్నియాలోని ఫొంటానా పట్టణములో 1928లో కుందేళ్లకై ప్రత్యేకముగా ఒక ప్రయోగక్షేత్రమును స్థాపించినది. మేత, ఈత, రోగము, పెట్టెల నిర్మాణము మున్నగు విషయములపై అచ్చటినుండి వెలువడిన చిన్న పుస్తకములు గృహస్థుల చేతులలో నలిగినవి. రెండవ మహాయుద్ధములో 1943 మార్చి తుదిని గొడ్డుమాంసము, పందిమాంసము, జున్ను రేషనులోనికి వచ్చినప్పుడు కుందేలు రేషనుకు బయటనే ఉండెను. పెరటితోటలలో కూరగాయలు పండించుట దేశసేవగా ఎన్నిన ఆ దినములలో తోట అంచున కుందేటిపెట్టెలు కూడ లేచినవి. ఇంగ్లండులోను ఇదే తీరు. అచ్చట గ్రామగ్రామమున కుందేళ్ల సంఘములు ఏర్పడి, సభ్యులకు తవుడు పంచిపెట్టుచుండెను.

యుద్ధము ముగిసినది, కుందేటి అదృష్టము కూడ దానితోనే ముగిసినది. 1940ల తుదినుండి బొచ్చుచర్మముల వర్తకము క్షీణించినది. తరువాతి దశాబ్దములో కృత్రిమపు నారలతో చేసిన బొచ్చు అంగడికి వచ్చినది. పెద్ద కొట్టములలో వేలకొలది కోళ్లను ఒక్కచోట పెంచు పద్ధతి బలిసి కోడిమాంసము చౌకయైనది. 1953లో ఇంగ్లండులో ప్రవేశించిన మిక్సొమటోసిస్ అను వ్యాధి అడవిలోని కుందేళ్లను దాదాపు నిర్మూలించినది. దారిప్రక్కన కన్నులు వాచి పడియున్న కుందేళ్లను చూచిన జనులకు ఆ మాంసముపైననే ఏవగింపు కలిగినది.

మిగిలిన కొద్దిపాటి వర్తకమునకు కావలసినది తెల్లని కుందేలు. తెల్లని చర్మమునకు ఏ రంగైనను అద్దవచ్చును. మాంసమునకు అంటుకొన్న తెల్లవెండ్రుక కంటికి ఆనదు. నల్లకొన గల వెండ్రుక ఒక్కటి కనబడినను కొనువాడు ముఖము చిట్లించును. ఈ ఒక్క కారణముచేత న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్ అను రెండు జాతులు వర్తకము నంతయు ఆక్రమించినవి. ఇందొక విపరీతము కలదు. కాలిఫోర్నియన్ జాతిని 1920లలో జార్జి వెస్ట్ అను ఆయన సాధించినది హిమాలయన్, న్యూజిలాండ్ వైట్ జాతులతో చిన్న చించిల్లాను కలిపియే. దట్టమైన ఆ బొచ్చునకై చించిల్లాను వాడుకొనిరి. అనగా చించిల్లాను పెరటినుండి వెడలగొట్టిన దాయాదులలో ఒకటి దాని నెత్తురు పంచుకొన్నదే. సిల్వర్ మార్టెన్, సేబిల్ అను మరి రెండు జాతులు కూడ చించిల్లా ఈతలలో వింతరంగుతో పుట్టిన పిల్లల మూలమున వచ్చినవే. ఇన్ని జాతులకు తల్లియైనది తన యింట నిలువనీడ లేక పోయినది.

మూడు చించిల్లాలలో ఎక్కువ నష్టపడినది అమెరికన్ చించిల్లా. చిన్నది ముద్దుగా ఉండుటచే ముచ్చటకు పెంచువారికి పనికివచ్చినది. ఐరోపాలో కూడ నిలిచినది. అమెరికన్ చించిల్లా ఆ ఒక్క దేశములోనే రూపొందినది. వేరొకచోట దానికి దిక్కు లేదు. అంగడికి రంగు తప్పు, ముచ్చటకు బరువు ఎక్కువ. ఇరువది యవ శతాబ్దము తుదికి, ఒక ఏడాదిలో పదిహేడువేలు నమోదైన జాతి అక్కడక్కడ కొందరి పెరళ్లలో మిగిలినది. పశువులలోను, పక్షులలోను అంతరించుచున్న పాతజాతులను కాపాడుటకు 1977లో అమెరికాలో ఒక సంస్థ వెలసినది. నేడు దానిని లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అందురు. చాలకాలము ఆ సంస్థవారి దృష్టి గోవులు, గొర్రెలు, గుర్రములు, పందులపైననే ఉండెను. 2005లో కుందేళ్లను కూడ వారి పట్టికలో చేర్చినప్పుడు అమెరికన్ చించిల్లాకు అందు స్థానము దొరకినది. కుందేళ్ల వంటి త్వరితసంతానము గల ప్రాణి అరుదైనదని పట్టికకెక్కుట వినుటకు విడ్డూరముగా ఉండును. కాని సంతానశక్తి వేరు, జాతి నిలుచుట వేరు. ఏరి జతపరచువాడు లేనిచో నాలుగైదు తరములలో వలయములు చెరగిపోవును, బరువు తగ్గును, పేరు మాత్రము మిగులును. మరియు కొద్దిమంది వద్దనే మిగిలిన జాతిలో ఎటుచూచినను బంధుత్వమే; కొత్త నెత్తురునకై పెంపకందార్లు రాష్ట్రములు దాటి వందలమైళ్లు పోయి ఒక మగకుందేటిని తెచ్చుకొందురు.

దీనిని నిలిపినవారు పెద్ద క్షేత్రముల యజమానులు కారు. కొద్దిపాటి నేలలో తమ కూరలు తాము పండించుకొని, నాలుగు కోళ్లు, రెండు మేకలు పెట్టుకొని బ్రతుకుదమని సంకల్పించిన కుటుంబములవారు. కొట్టములో ఎలుగువలె తిని గడియారమువలె పెరుగు జంతువు వారికి అక్కరలేదు. గడ్డి తిని, బయటి చలికి ఆగి, తల్లి తన పిల్లలను తానే సాకికొను జంతువు వారికి కావలెను. ఒకనాడు గృహస్థులు ఈ కుందేటిని కొన్నది ధనాశచేత. నేటివారు కొనుట ఆ ఆశ లేకయే. కావుననే వీరిచేతిలో అది నిలుచునను నమ్మకము మాకు కలుగుచున్నది.

చించిల్లా వంశములో ఒక శాఖ మన దేశమునకు కూడ వచ్చినది. అది అమెరికా మార్గమున వచ్చినది కాదు. సోవియట్ దేశములో చిన్న చించిల్లాను వైట్ జెయింట్ అను పెద్ద తెల్లజాతితో కలిపి, చలికి తట్టుకొను భారీ కుందేటిని తీర్చిరి. 1963లో దానిని ప్రత్యేక జాతిగా గుర్తించిరి. దానినే సోవియట్ చించిల్లా అందురు. మన దేశములో కుందేళ్ల పెంపకమును గురించి చెప్పు పుస్తకములలో న్యూజిలాండ్ వైట్, గ్రే జెయింట్ జాతుల సరసన ఈ పేరు తప్పక కనబడును. మన తెలుగు జిల్లాలలో కుందేళ్లు పెంచువారు 'చించిల్లా' అని చెప్పునది దీనినే గాని అరుదైన అమెరికన్ చించిల్లాను కాదు. రెండును ఒకే ఫ్రెంచి తల్లి బిడ్డలు. పెరిగిన యిండ్లు వేరు.

రష్యా మంచునకు తీర్చిన జంతువును కోస్తా ఎండలలో పెంచుట సులభము కాదు. దాని దట్టమైన బొచ్చే ఇక్కడ దానికి శత్రువు. వేడి 30 డిగ్రీలు దాటినది మొదలు కుందేలు మేత తగ్గించును. చెవులు వాల్చి రొప్పును. మగవానికి కొన్ని వారములపాటు సంతానశక్తి సన్నగిల్లును. చెమట పట్టని జంతువగుటచే ఒంటివేడి బయటికి పోవుటకు చెవులే ముఖ్యమైన దారి. అందుచేత వేసవిలో పెట్టెలను చెట్టునీడకు మార్చి, పైన తాటాకు కప్పి, గోనెపట్టాలు తడిపి వ్రేలాడగట్టి, ఈతలను చల్లని నెలలకు త్రోసివేయుదురు. ఈ జాగ్రత్తలతో పెరుగుచున్న బూడిదవన్నె కుందేటిని ఎక్కడనైనను చూచినచో, దాని వీపుపై మెల్లగా ఊది చూడవచ్చును. నీలి, ముత్యము, నలుపు, తెలుపు వలయములు ఒకదాని వెలుపల ఒకటిగా విచ్చుకొనును.